మహిళా సర్పంచులపై డఫ్లో, చటోపాధ్యాయ్‌ల పరిశోధన: అది తేల్చినదెంత, మనం ఊహించుకుంటున్నదెంత?

సెలయేరు (చర్చ ప్రారంభించినవారు)

పంచాయతీల్లో ఆడవారికి స్థానాలు కేటాయించడం వల్ల ఊరికి ఏమి ఒరిగిందన్న ప్రశ్న ఈ వేదికలో ఎప్పుడు వచ్చినా, నాలుగు వ్యాఖ్యలు తిరక్కుండానే "పేరు ఆమెది, పెత్తనం ఆయనది" అన్న మాట దగ్గర ఆగిపోతోంది. నేను రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. ఈసారి ఒక పరిశోధనను ముందు పెట్టుకుని మాట్లాడుకుందామని నా మనవి.

ఎస్తర్ డఫ్లోకు 2019లో నోబెల్ వచ్చినప్పుడు మన పత్రికలన్నీ ఆమె గురించి రాశాయి. అంతకు పదిహేనేళ్ళ ముందే, 2004లో, కలకత్తా ఐఐఎంకు చెందిన రాఘబేంద్ర చటోపాధ్యాయ్‌తో కలిసి ఆమె 'ఎకనోమెట్రికా' పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చిన తరువాత పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు స్త్రీలకు కేటాయించవలసి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో 1998 ఎన్నికలకు పంచాయతీలను వరుస సంఖ్యల ప్రకారం పేర్చి, ప్రతి మూడో దానిని మహిళా స్థానంగా నిర్ణయించారు. ఏ ఊరు మహిళకు వెళ్ళాలన్నది నాయకుల ఇష్టాయిష్టాలను బట్టి జరగలేదు కాబట్టి, మహిళా స్థానాలైన ఊళ్ళకూ మిగిలిన ఊళ్ళకూ తరువాత కనిపించిన తేడాను స్త్రీ అధ్యక్షత ఫలితంగా లెక్కించడానికి వీలు కలిగింది. బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పుర్ జిల్లాల్లో కలిపి 265 పంచాయతీలను వారు పరిశీలించారు. ఊరి స్త్రీలు పంచాయతీకి ఏ విన్నపాలు తెచ్చారో, పురుషులు ఏవి తెచ్చారో విడివిడిగా రాసుకుని, డబ్బు ఎటు ఖర్చయిందో దానితో పోల్చారు. రెండు చోట్లా ఆడవారు ఎక్కువగా అడిగింది తాగునీరు. రెండు చోట్లా మహిళా స్థానాల్లో తాగునీటి పనులు ఎక్కువగా జరిగాయి.

దీనిని బట్టి స్త్రీలు పురుషులకంటే బాగా పాలిస్తారని చెప్పలేమని నా అభిప్రాయం. అయితే భర్తలే నడుపుతారు కాబట్టి ఏ తేడా ఉండదన్న వాదనకు మాత్రం ఇది గట్టి జవాబు. మీరేమంటారు?

మూసీ ఒడ్డు

సెలయేరు గారూ, పరిశోధకుల మీద నాకు గౌరవమే. కానీ నోబెల్ వచ్చినంత మాత్రాన మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో ముందు వరుస కుర్చీల్లో ఎవరు కూర్చుంటున్నారో మారిపోదు. నేను ఆ సమావేశాలకు హాజరైనవాడిని. మహిళా సర్పంచులు వెనుక వరుసలో కొంగు సర్దుకుంటూ కూర్చుంటారు, ఎంపీడీవో గారు ప్రశ్న అడిగితే గుమ్మం దగ్గర నిలబడిన భర్త జవాబు చెబుతాడు. ఆ జవాబునే మినిట్స్ పుస్తకంలో ఆమె చెప్పినట్టు రాస్తారు. ఆ పుస్తకాన్ని చూసి పత్రం రాసేవారికి అది మహిళా నాయకత్వంగానే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఊళ్ళో ఇరవై ఏళ్ళు వెట్టిచాకిరీ చేసినవాడు ఉంటాడు. అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లైన్‌మన్ ఇంటికి పరిగెత్తేది అతడే. సరిగ్గా అతడు నిలబడదామనుకున్న ఏడాదే ఆ స్థానం మహిళకు వెళుతుంది. దీనికి ఏ పరిశోధనలోనైనా లెక్క ఉన్నదా?

బాటసారి

మా మండలంలో ఫ్లెక్సీ మీద సర్పంచ్ గారి ఫోటో బొటనవేలంత, భర్త గారి ఫోటో నిలువెత్తు. పరిశోధన అవసరం లేదు, కొలబద్ద చాలు.

లెక్కల మాస్టారు

చర్చ ప్రారంభించినవారు ఒక ముఖ్యమైన విషయాన్ని దాటవేశారు. నేను గమనించినంతలో ఆ పత్రంలో బెంగాల్‌లో మహిళా స్థానాల్లో రోడ్ల పనులు పెరిగాయి, రాజస్థాన్‌లో తగ్గాయి. ఒకే కారణానికి ఒక రాష్ట్రంలో ఒక ఫలితం, మరొక రాష్ట్రంలో సరిగ్గా వ్యతిరేక ఫలితం రావడమంటే ఆ కారణం మీద అనుమానం రావాలి. నీటి విషయం చెప్పి రోడ్ల విషయం చెప్పకపోవడం న్యాయం కాదు.

సెలయేరు

మాస్టారూ, రోడ్ల విషయం దాచడానికి నాకు కారణమేమీ లేదు, ఎందుకంటే ఆ పత్రానికి బలం చేకూర్చేదే అది. బీర్భూమ్‌లో రోడ్లు కావాలని విన్నపాలు తెచ్చినవారిలో స్త్రీలే ఎక్కువ. ఉదయ్‌పుర్‌లో రోడ్లు అడిగినది ఎక్కువగా పురుషులు, పని కోసం బయటి ఊళ్ళకు వెళ్ళేది వారే కాబట్టి. అంటే స్త్రీ అధ్యక్షురాలైతే రోడ్లు పెరుగుతాయనో తగ్గుతాయనో వారు చెప్పలేదు. ఆ ప్రాంతపు స్త్రీలు ఏది అడుగుతున్నారో పని అటువైపు జరుగుతుందన్నారు. రెండు చోట్లా రోడ్లు పెరిగి ఉంటేనే నాకు అనుమానం వచ్చేది.

మూసీ ఒడ్డు గారూ, భర్తల సంగతి పరిశోధకుల కళ్ళకు కనబడలేదనుకోకండి. మహిళా ప్రధానులకు (బెంగాల్‌లో పంచాయతీ అధ్యక్షులను ప్రధాన్ అంటారు) చదువూ రాజకీయ అనుభవమూ తక్కువనీ, జీవిత భాగస్వామి సాయం తీసుకునేవారు పురుషులకంటే వీరిలో చాలా ఎక్కువనీ వారే నమోదు చేశారు. అన్నీ భర్తలే నిర్ణయిస్తే, ఆ భర్తలు తమ పేరుతో గెలిచినప్పుడు వేయించని చేతిపంపులు భార్య పేరుతో గెలిచినప్పుడు ఎందుకు వేయించినట్టు?

మూసీ ఒడ్డు

నీళ్ళు మోసే ఆడవాళ్ళు సర్పంచ్ ఇంటికి వచ్చి భార్యకు చెబుతారు, ఆమె భర్తకు చెబుతుంది, ఆయన పని చేయిస్తాడు. ఇందులో వింత ఏముంది? చేసినది ఆయనే కదా.

సెలయేరు

ఆమె సర్పంచ్ కానప్పుడు ఆ ఆడవాళ్ళు ఆ ఇంటికి రారు కదండీ. మీరు చెప్పినట్టే జరిగిందని ఒప్పుకున్నా, ఆ పదవి ఆమె పేరున ఉండబట్టే ఆ మాట పంచాయతీ దాకా వచ్చింది.

లెక్కల మాస్టారు

పంపుల లెక్క సరే. పంపు వేసినంత మాత్రాన పేదలకు మేలు జరిగినట్టు కాదు. ప్రణబ్ బర్ధన్, దిలీప్ ముఖర్జీ, మోనికా పర్రా టొరాడో అదే బెంగాల్ పల్లెల్లో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మహిళా స్థానాల్లో స్త్రీలు ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలకు అదనంగా చేరిన సాయం ఏమీ వారికి కనిపించలేదు. పైగా ఊరిలోపల ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు చేరవలసినవి తగ్గాయన్నారు. ఒకే రాష్ట్రం, ఒకే చట్టం, రెండు తీర్పులు. ఏది నమ్మాలి?

సెలయేరు

రెండూ నమ్మవచ్చు. ఒకరు ఊరుమ్మడి పనులు చూశారు, మరొకరు ఇంటింటికీ అందే పథకాలు చూశారు. బోరింగు వీధి మొత్తానికీ ఉంటుంది, రేషన్ కార్డు ఎవరికి ఇవ్వాలన్నది వేరే తగువు. స్త్రీకి పదవి ఇస్తే కులం గోడలు వాటంతటవే కూలుతాయని ఎవరూ హామీ ఇవ్వలేదు.

తుంగభద్ర

ఈ చర్చను నిన్నటి నుంచి చదువుతున్నాను. నేను కర్నూలు జిల్లాలో ఒక గ్రామానికి 2013లో బీసీ మహిళా స్థానం నుంచి సర్పంచ్‌గా ఎన్నికయ్యాను. ఉమ్మడి రాష్ట్రంలో మహిళల వాటాను సగానికి పెంచుతూ 2011లో చట్టం సవరించిన తరువాత జరిగిన మొదటి ఎన్నికలవి. కాబట్టి మీరందరూ మాట్లాడుతున్న వస్తువు నేనే.

మా ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉండేది, దానికి నీరెక్కించే మోటారు మాత్రం ఏడాదిలో ఎక్కువ భాగం మరమ్మతులోనే ఉండేది. ప్రతిసారీ వైండింగ్ చేయించడం, బిల్లు పెట్టడం, మళ్ళీ కాలిపోవడం. మోటారు చెడిపోవడానికి అసలు కారణం లో వోల్టేజీ అని వైండింగ్ చేసే అబ్బాయే ఒకరోజు నాకు చెప్పాడు. అంతకు ముందు ఏ సర్పంచూ ఆ అబ్బాయిని అడగలేదట, అడిగితే చెప్పేవాడినన్నాడు. విద్యుత్ కార్యాలయం చుట్టూ తిరిగి ఆ ఫీడరు మీద వేరే ట్రాన్స్‌ఫార్మర్ వేయించాను. నీళ్ళు వచ్చాయి. తరువాతి గ్రామసభలో ఒక పెద్దమనిషి లేచి, మా ఆయన పలుకుబడి వల్లనే ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందని ఆయనకు శాలువా కప్పించారు. మా ఆయన ఆ సమయంలో హోస్పేటలో పనిమీద ఉండేవారు. ఏ కార్యాలయం గుమ్మమూ ఎక్కలేదు.

ఇది నా ఒక్కదాని గోడు అని తీసిపారేయకండి. లోరీ బీమన్, చటోపాధ్యాయ్, డఫ్లో, రోహిణి పాండే, పెట్యా టోపలోవా కలిసి 2009లో ప్రచురించిన పత్రంలో ఇదే ఉంది. ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్ళలో వినిపించారు. మహిళా ప్రధాన్‌ను ఎన్నడూ చూడని ఊళ్ళలో మగవారు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు, చూసిన ఊళ్ళలో ఆ తేడా బాగా తగ్గింది. మొదటిసారి వచ్చిన మహిళా ప్రధానుల హయాంలో సదుపాయాలు మిగతా చోట్లకు తీసిపోకపోయినా ప్రజలు వారికి తక్కువ మార్కులే ఇచ్చారని కూడా వారు రాశారు. నాకు ఆ పత్రం గురించి మా పరిచయస్తుల అమ్మాయి చెప్పినప్పుడు, బెంగాల్‌లో కూడా శాలువాలు కప్పుతారన్నమాట అనుకున్నాను.

మూసీ ఒడ్డు

తుంగభద్ర గారూ, మీరు సమర్థులు, సంతోషం. వందలో మీవంటివారు ఐదుగురు ఉంటారు. మిగిలిన తొంభై ఐదు మంది గురించి నేను మాట్లాడుతున్నాను. ఇక ఆ రికార్డు చేసిన గొంతుల సంగతి. గొంతు విని మార్కులు వేయడం పాటల పోటీకి సరిపోతుంది. పంచాయతీ నడపడమంటే కాంట్రాక్టరును నిలదీయడం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేత ఎం బుక్ (పని కొలతల పుస్తకం) రాయించుకోవడం, ఎమ్మెల్యే మనుషుల ఒత్తిడిని తట్టుకోవడం.

తుంగభద్ర

తొంభై ఐదు మంది అన్న లెక్క ఎక్కడిదో చెప్పగలరా?

మూసీ ఒడ్డు

కళ్ళారా చూసినది.

సముద్రాల అవతల

నేను డల్లాస్‌లో ఉంటాను. చట్టసభల్లో మూడో వంతు స్థానాలకు 2023లో రాజ్యాంగ సవరణ చేశారు కదా, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతే అమలన్నారు. పంచాయతీల అనుభవం ఎమ్మెల్యేల విషయంలోనూ పనికివస్తుందంటారా?

సెలయేరు

దానికి వేరే చర్చ తెరవడం మంచిదండీ. ఎమ్మెల్యే టికెట్టు పార్టీ ఇస్తుంది, సర్పంచ్ ఎన్నిక మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తుల మీద జరగదు. ఆ ఒక్క తేడాతోనే చాలా లెక్కలు మారిపోతాయి.

బెంగాల్ మన ఊరు కాదన్న అభ్యంతరం ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశాను, చెప్పలేదు. అందుకే మన దగ్గరి పరిశోధనలు రెండు నేనే ముందు పెడుతున్నాను. మొదటిది రాడు బాన్, విజయేంద్ర రావు 2008లో ప్రచురించినది. ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో చూస్తే, మహిళా స్థానాల్లోని సర్పంచులు చేసిన పనిలో పురుషులతో పోల్చినప్పుడు చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. అనుభవం ఉన్న స్త్రీలు మెరుగ్గా చేశారు, అగ్రకులాల పట్టు తక్కువగా ఉన్న ఊళ్ళలో మెరుగ్గా చేశారు.

రెండవది ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సన్, ఎం.ఆర్. శరణ్ చేసినది, పూర్తిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. ఉపాధి హామీ సామాజిక తనిఖీ నివేదికలు తీసుకుని, 2006లో ఎన్నికైన సర్పంచుల కాలంలో ఏ పంచాయతీలో ఎన్ని అవకతవకలు బయటపడ్డాయో చూశారు. తొలి దశలో మహిళా స్థానాల్లో అవకతవకలు ఎక్కువ. అనుభవం వచ్చిన కొద్దీ ఆ తేడా పోయింది. మగవారికంటే మెరుగయ్యారని కాదు, సమానమయ్యారు.

మూసీ ఒడ్డు

ఇదిగో, ఇప్పుడు అసలు విషయం మీ నోటి నుంచే వచ్చింది. మహిళా స్థానాల్లో అవకతవకలు ఎక్కువ. ఇన్ని వ్యాఖ్యలుగా నేను చెబుతున్నది ఇదే. ఇక ఈ చర్చ ముగించవచ్చు.

లెక్కల మాస్టారు

"తొలి దశలో" అన్న మాటను మీరు వదిలేశారు. అది వదిలితే వాక్యం అర్థమే మారిపోతుంది. అయితే సెలయేరు గారు కూడా ఒకటి గమనించాలి. సామాజిక తనిఖీలో బయటపడినవే లెక్కలోకి వచ్చాయి. ఆడ సర్పంచ్ మీద ఫిర్యాదు చేయడానికి జంకనివారు మగ సర్పంచ్ మీద చేయడానికి జంకి ఉండవచ్చు కదా.

తుంగభద్ర

మాస్టారు మంచి మాట అన్నారు. నేను ఇంకొకటి అడుగుతాను. ఆ తొలి దశ అవకతవకలు ఎవరివి?

నేను గెలిచిన కొత్తలో కార్యదర్శి ఒక కట్ట కాగితాలు తెచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టి మరీ ఇచ్చేవాడు. పైన ఏముందో చదవబోతే, "అవన్నీ రొటీన్ మేడమ్, ఎంపీడీవో గారు ఎదురుచూస్తున్నారు" అనేవాడు. ఫీల్డ్ అసిస్టెంటు తెచ్చే మస్టర్ల (ఉపాధి కూలీల హాజరు పట్టీల) విషయంలోనూ అంతే. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల పని రాశారో ఆ ఊరి మనిషిగా నాకు తెలిసినంత వారికి తెలియదు, కానీ ఆ కాగితం చదివి చెప్పడానికి నాకు సమయం ఇవ్వరు. నేను చదవడం మొదలుపెట్టిన రోజు నుంచి నన్ను మొండిది అన్నారు. కొత్తగా వచ్చిన ఆడమనిషిని అడ్డం పెట్టుకుని యంత్రాంగం ఆడుకున్న ఆట ఆమె ఖాతాలో పడింది. ఆ పత్రం రాసినవారు కూడా కొత్త మహిళా సర్పంచులు అధికారుల గుప్పిట్లో పడే అవకాశం ఎక్కువనే అన్నారు తప్ప ఆడవాళ్ళు ఎక్కువ తింటారని అనలేదు.

మూసీ ఒడ్డు గారూ, మీరు మొదటి నుంచీ "నేను హాజరైనవాడిని" అంటున్నారు. సర్వసభ్య సమావేశానికి ఏ హోదాలో హాజరయ్యారో చెబుతారా?

మూసీ ఒడ్డు

అడిగారు కాబట్టి చెబుతాను, నాకు దాపరికమేమీ లేదు. 2019లో మా ఊరి స్థానం జనరల్ మహిళకు వచ్చింది. నేను నిలబడవలసిన చోట మా ఇంటి ఆవిడను నిలబెట్టాను. గెలిచినది నా మంచితనం మీద. ఐదేళ్ళూ పని చేసినదీ నేనే. నర్సరీ, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం (శ్మశానవాటిక), అన్నింటికీ ముందు నిలబడినది నేను. బిల్లులు రాకపోతే మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కూలీలకు ఇచ్చినదీ నేను. ఆ బిల్లుల్లో కొన్ని నేటికీ రాలేదు. ఆవిడకు పంచాయతీ అంటే ఆసక్తి లేదు, ఇంటి పని చూసుకుంటానంది. నేనేమీ ఆమె నోరు మూయలేదు. ఇటువంటి ఇళ్ళు రాష్ట్రంలో వేలున్నాయి. వాటికి వచ్చి కళ్ళతో చూడకుండా గొంతులు రికార్డు చేసి పత్రాలు రాసేవారు, ఆ పత్రాలు చదివి మమ్మల్ని దోషుల్లా నిలబెట్టేవారు, ఇద్దరూ ఒకటే.

తుంగభద్ర

చెక్కుల మీద సంతకం ఎవరిదండీ?

మూసీ ఒడ్డు

చట్టం ప్రకారం ఆమెదే. తెలంగాణ 2018 పంచాయతీ రాజ్ చట్టంతో ఉప సర్పంచ్‌కు కూడా ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చారు కాబట్టి ఆయనదీ. ఆ ఉప సర్పంచ్ ఒక్కో చెక్కుకు ఎన్నిసార్లు ఇంటి చుట్టూ తిప్పించుకున్నాడో మీకు తెలియదు. ఇప్పుడు ఆడిట్‌లో అభ్యంతరం రాసి, వైకుంఠధామం పనిలో కొలతలకు మించి చెల్లించారని రికవరీ నోటీసు పంపారు. ఆవిడ పేరుకే పంపారు. ఉప సర్పంచ్ ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు. ఇదేనా మీరు చెప్పే మహిళా సాధికారత?

తుంగభద్ర

ఇప్పుడు నాకు నిజంగా కోపం వస్తున్నది, క్షమించండి, కానీ చెప్పక తప్పదు. పని మీరు చేశారు, పేరు మీకు వచ్చింది, సమావేశంలో కుర్చీ మీరు తీసుకున్నారు. నోటీసు మాత్రం ఆమెకు వచ్చింది. ఇన్ని వ్యాఖ్యల్లో మీ ఇరవై ఏళ్ళ చాకిరీ గురించి, మీకు దక్కని స్థానం గురించి రాశారు. రేపు ఆ సొమ్ము కట్టకపోతే ఎవరి మీదికి వస్తారో, ఆమె రాత్రి నిద్రపోతున్నదో లేదో ఒక్క వాక్యం రాయలేదు. ఆమెకు ఆసక్తి లేదని మీరు చెబుతున్నారు. ఆమె ఎక్కడ చెప్పింది?

మూసీ ఒడ్డు

నా ఇంటి విషయాల్లోకి రావలసిన అవసరం మీకు లేదు. సర్పంచ్ అయినంత మాత్రాన ప్రతి ఇంటికీ తీర్పు చెప్పే అధికారం వచ్చిందనుకోకండి. మీ వంటివారి వల్లనే కాపురాలు...

నిర్వాహకుడు

పై వ్యాఖ్యలో చివరి రెండు వాక్యాలు తొలగించాను. ఇంటి విషయాన్ని వాదనకు ఆధారంగా తెచ్చినది మూసీ ఒడ్డు గారే కాబట్టి దాని మీద ప్రశ్నలు రావడం సహజం. వ్యక్తిగత దూషణ మాత్రం ఎవరిదైనా ఉంచను. విషయం మీద ఉండండి.

నిత్య పాఠకుడు

ఎట్టకేలకు అసలు చర్చ మొదలైంది.

మూసీ ఒడ్డు

సరే, విషయం మీదనే ఉంటాను. సూటిగా చెబుతాను. పదవి అన్నది ఊరికి పని చేసినవాడికి ఊరు చూపే కృతజ్ఞత. దానిని వరుస సంఖ్యలు పేర్చి మూడోదీ ఆరోదీ అని పంచడం తప్పు. స్త్రీ పని చేసి ఉంటే స్త్రీనే గెలిపించండి, నేనే ముందు ఓటు వేస్తాను. పని చేయనివారికి స్థానం ఇచ్చి, పని చేసినవాడిని గుమ్మం బయట నిలబెట్టి, అతడు గుమ్మం బయట నుంచి మాట్లాడుతున్నాడని మళ్ళీ అతడినే తిట్టడం ఏమి న్యాయం?

తుంగభద్ర

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే మనం బెంగాల్ దాకా వెళ్ళేవాళ్ళమే కాదు. మీరు పదవిని జీతం అనుకుంటున్నారు, నేను వాటా అనుకుంటున్నాను. ఊరికి పని చేశారంటున్నారు. అర్ధరాత్రి లైన్‌మన్ ఇంటికి పరిగెత్తడానికి మీకు వీలైంది, ఎందుకంటే ఆ అర్ధరాత్రి పిల్లలను చూసుకుంటూ మీ ఇంట్లో ఒకరు ఉన్నారు. ఆమె అర్ధరాత్రి బయటికి పరిగెత్తితే ఊరు కృతజ్ఞత చూపేదా? ఊరి పని అని మీరు లెక్కపెట్టేవన్నీ మగవాడు మాత్రమే చేయగల చోట్ల జరుగుతాయి. ఆ లెక్కతో ఎన్నటికీ ఏ స్త్రీకీ వంతు రాదు.

అందుకే సెలయేరు గారితో కూడా నాకు ఒక పేచీ ఉన్నది. మా హయాంలో చేతిపంపులు పెరిగాయి కాబట్టి మాకు స్థానాలు ఉండాలని మీరు అంటే, రేపు ఇంకొకరు వచ్చి పెరగలేదని తేల్చినప్పుడు తీసేయమంటారు. మగ సర్పంచుల వల్ల ఊరికి ఏమి ఒరిగిందని ఇన్నేళ్ళలో ఏ విశ్వవిద్యాలయమైనా 265 పంచాయతీలు తిరిగిందా?

సెలయేరు

మీ పేచీ న్యాయమైనదే, అయినా నేను పూర్తిగా ఒప్పుకోలేను. వాటా అన్నది హక్కు, దానికి రుజువులు అక్కర్లేదు. ఆ హక్కు ఎలా అమలవుతోందో తెలుసుకోవడానికి మాత్రం రుజువులు కావాలి. అఫ్రీది వంటివారు లెక్క తీయకపోతే, తొలి దశలోనే యంత్రాంగం ఆడవారిని వాడుకుంటున్నదని మీరు చెబితే మీ గోడుగానే మిగిలేది. అలాగే, వరుసగా రెండు విడతలు మహిళా ప్రధాన్ ఉన్న బెంగాల్ ఊళ్ళలో ఆడపిల్లల చదువు మగపిల్లల చదువుతో సమానమైందని 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పత్రం చెప్పింది. ఇది ఏ సర్పంచ్ పనితీరుకూ సంబంధించినది కాదు. పిల్లల తల్లిదండ్రులు తమ కూతురు ఏమి కావాలనుకుంటున్నారన్న దానిలో వచ్చిన మార్పు. మూసీ ఒడ్డు గారి ఇంటి ముందు ఆడుకునే పిల్లలు ఏ పేరును సర్పంచ్‌గా పలుకుతూ పెరిగారో నాకు తెలియదు.

లెక్కల మాస్టారు

హక్కా ఫలమా అన్నది మీరు మీరు తేల్చుకోండి. నాకు కనిపించే లోపం వేరు. అనుభవం వస్తే తేడా పోతుందని అఫ్రీది పత్రం, అనుభవం ఉన్నవారు మెరుగని బాన్, రావు పత్రం. మరి మన పద్ధతి ఏమిటి? ఒక స్థానం ఈసారి మహిళకు, వచ్చేసారి మరొకరికి. నేర్చుకున్న మనిషిని నేర్చుకోవడం పూర్తికాగానే ఇంటికి పంపుతున్నాం. ముంబయి నగరపాలక వార్డుల మీద రిఖిల్ భావ్నాని 2009లో రాసినది చూడండి. అంతకు ముందు మహిళా స్థానంగా ఉండి తరువాత అందరికీ తెరిచిన వార్డులో స్త్రీ గెలిచే అవకాశం మిగిలిన వార్డులకంటే సుమారు ఐదు రెట్లు. అంటే దారి ఉన్నది, కానీ సన్నది. తెలంగాణ 2018 చట్టంలో ఒకే రిజర్వేషను రెండు విడతలు కొనసాగాలని రాసినప్పుడు దాని మీద వచ్చిన వ్యతిరేకత అంతా "మా వంతు పదేళ్ళు ఆగాలా" అన్నదే. నేర్చుకున్న మహిళకు రెండో అవకాశం వస్తుందన్న మాట ఎత్తినవారు నాకు కనబడలేదు.

తుంగభద్ర

నా మాటే చూడండి, మాస్టారూ. నా పదవీకాలం 2018లో ముగిసింది. ఆ తరువాత ఎన్నికలు 2021లో గాని జరగలేదు. ఆ ఎన్నికల్లో మా ఊరు జనరల్‌కు వచ్చింది. నిలబడదామని మా కులపెద్దలను అడిగితే, "నీకు రావలసినది నీకు వచ్చింది కదమ్మా, మళ్ళీ ఎందుకు" అన్నారు. జనరల్ అంటే మగవారిదని చట్టంలో ఎక్కడా లేదు, కానీ ఊరు అలాగే చదువుకుంటుంది.

బాటసారి

మా ఊళ్ళోనూ "జనరల్ వచ్చింది, ఇక ఆడవాళ్ళకు లేదు" అనే దండోరా.

కొత్త సభ్యుడు

నాకు పరిశోధనల గురించి తెలియదు. మా అక్క కూడా మొన్నటి దాకా సర్పంచ్. ఆమెకూ ఇటువంటి ఆడిట్ నోటీసే వచ్చింది. దీనికి ఏమి చేయాలో తుంగభద్ర గారు చెప్పగలరా?

తుంగభద్ర

ముందు ఆ పనికి సంబంధించిన గ్రామసభ లేక పంచాయతీ తీర్మానం, అంచనా పత్రం, ఎం బుక్ నకళ్ళు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కొలతలు రాసినది ఇంజనీరు, సర్పంచ్ కాదు. ఆయన రాసిన కొలతల ప్రకారమే చెల్లించామని, ఆ పుట సంఖ్యతో సహా సమాధానంలో ఉండాలి. చెక్కు మీద ఇంకెవరి సంతకం ఉంటే ఆ పేరూ రాయాలి. నోటీసులో ఇచ్చిన గడువు దాటనివ్వవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సమాధానాన్ని మీ అక్క గారే రాయాలి, లేదా కనీసం ప్రతి వాక్యం చదివి అర్థం చేసుకోవాలి. రేపు విచారణకు పిలిస్తే కూర్చోవలసినది ఆమె. మూసీ ఒడ్డు గారూ, ఇది మీకు కూడా పనికివస్తుంది. మీ మీద కోపంతో అంటున్నది కాదు.

మూసీ ఒడ్డు

ఎం బుక్ విషయం నాకు తట్టలేదు, సోమవారం వెళ్ళి నకలు అడుగుతాను. సమాధానం ఎలా రాయాలో నాకు తెలుసు. ఇటువంటివి ఐదేళ్ళు రాసినవాడినే. నేను రాసి ఆవిడ చేత సంతకం పెట్టిస్తాను.